మూడు బంగారు గింజలు

మా ఇద్దరికీ క్యాన్సరే. నాది మూత్రాశయం, మా తోడల్లుడిది ప్రొస్టేట్. కిరణాల గురి తప్పకూడదని ఆయన గ్రంథిలో మూడు బంగారు గింజలు గుచ్చారు. మామగారి ముద్దంతా ఎటూ ఆయనకే, జబ్బులో కూడా బంగారం ఆయనకేనా? నా కడుపు మండిపోయింది.

ఆసుపత్రి కిరణాల గదిలో రాత్రి చివరి వంతులు మావి. ఆయన తర్వాత నేను. మూత్రాశయం రోజుకో తీరున ఉంటుందని, నాకు రోజూ ముందు స్కాన్ తీసి, కిరణాలు ఎక్కడ పడాలో తెరమీద గురిగీత కొత్తగా గీస్తారు. గీసేంతసేపూ కదలకూడదు.

ఆ రాత్రి గీత ఎంతకీ పూర్తికాలేదు. యంత్రం హోరు ఆగిపోయింది. స్పీకర్లో టెక్నీషియన్ గొంతు వినిపించింది.

"సార్, మీకు బంగారు గింజలు ఎప్పుడు పెట్టారు?"

"నాకెక్కడివమ్మా? అవి మా తోడల్లుడికి."

"మూడున్నాయి సార్. నిన్నటి స్కాన్‌లో లేవు." కీబోర్డు టకటకలాడింది. "ఇందాక ఆయన స్కాన్‌లోనూ కనబడలేదు."

ఏ చప్పుడూ దాటని ఆ మందపాటి తలుపు అవతల నుంచి మా తోడల్లుడి నవ్వు స్పష్టంగా వినిపించింది.

ఎంగిలిచేత్తో కాకిని తోలని మనిషి ఆయన. బంగారం ఊరికే ఇవ్వడు.

బదులుగా నాలోంచి ఏం తీసుకున్నాడు?