తొలి శ్రోత

"కళ్లు మూసుకోకు. నా వైపు చూస్తూ విను," అన్నాడు పెద్దాయన, కుర్చీని భార్య ఎదురుగా లాక్కుంటూ.

మధ్యాహ్నపు ఎండ కిటికీ తెరల్లోంచి జల్లెడ పట్టినట్టు రాలుతోంది. గది సగం నిద్రలో ఉంది. బయట ఇంకా ఎవరూ వినని కొత్త ఆల్బమ్ ఇది. రాసేదీ, బాణీ కట్టేదీ, పాడేదీ ఆయనే అయినా, ఆమె ఊ అనందే ఏ పాటా గడప దాటదు. "నువ్వు వినని రోజున నేను పాడను" అని పెళ్లయిన కొత్తలోనే చెప్పేశాడు. అన్నంత పనీ చేసే మొండిఘటం.

ఆమె భయమంతా అదే. చెవులు పూర్తిగా మొరాయించి చాలా కాలమైంది. ఆయనకు తెలిస్తే పాట ఆగిపోతుంది. అందుకే పెదవుల కదలిక చదవడం నేర్చుకుని, ఇన్నాళ్లూ గుట్టుగా నెట్టుకొచ్చింది. ఈ మధ్య ఆయన కూడా ఒక్కో మాటా నింపాదిగా, విడమర్చి పలుకుతున్నాడు. ఎంతటి వాగుడుకాయైనా వయసు మీద పడితే నెమ్మదిస్తాడు కాబోలని ఆమె లోలోపల మురిసిపోయింది.

ఆయన పక్కనున్న ప్లేయర్ మీట నొక్కాడు. వేళ్లు మోకాలి మీద తాళం వేయసాగాయి. ఆ వేళ్లనే పట్టుకుని ఆమె పాటలోకి దిగింది. ఎప్పటిదో, పడుచుతనం నాటి ఆయన గొంతు లోపలెక్కడో లేచి, ఆమెను పడవలో కూర్చోబెట్టినట్టు మెల్లగా ఊపింది. ఎంత సుఖంగా ఉందో!

"ఇదేదో నది పాటలా ఉందే!"

"ఎలా కనిపెట్టావోయ్?"

"ఇన్నేళ్లు మీతో వేగాను, ఆమాత్రం తెలీదూ? చివర్లో మాత్రం కాస్త సాగదీశారు."

"నీకెప్పుడూ ఏదో ఒక వంక కావాలి."

"వంక కాదండీ. మీరింత బాగా ఎప్పుడూ పాడలేదు."

ఆయన కళ్లు చెమర్చాయి. పక్కనున్న ఫోన్ వెలిగింది. ఆయన దాన్ని గుమ్మంలోకి వచ్చిన కూతురికి అందించి, మళ్లీ భార్య వైపు తిరిగాడు.

"ఇంకో ఆల్బమ్ మొదలెట్టమంటావా?"

"మొదలెట్టండి. వినడానికి నేను లేనూ?" అంది. ఆ అబద్ధానికి ఆమె గుండె కలుక్కుమంది.

గుమ్మంలో కూతురు కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. పాట అంత బాగా కుదిరిందన్నమాట! తల్లి హాయిగా వెనక్కి వాలింది.

నాన్న గొంతు నిరుడే పోయిందనీ, ప్లేయర్‌లో ఏ పాటా లేదనీ, ఆయన ఉత్త పెదవులే కదుపుతున్నాడనీ కూతురు ఆ తల్లికింకా చెప్పలేదు.