ఎడమ బూటు

కొడుకు పోయినప్పటినుంచి ఆ ఇంట్లో వాడి పేరెత్తినవాళ్లు లేరు. కూరలో ఉప్పు సరిపోయిందా, పాలవాడు వచ్చాడా అనుకుంటూ భార్యాభర్తలు రోజులు నెట్టుకొస్తున్నారు. గుమ్మం పక్కన వాడి బూట్లు మాత్రం అలాగే ఉన్నాయి.

ఆయన బూట్లు బాగుచేసే మనిషి. ఆ రాత్రి గడియ పెడుతుంటే ఆ బూట్లు కాలికి తగిలాయి. వాటిని చేతిలోకి తీసుకున్నాడు. ఎడమ మడమకున్న ఇనుప లాడం బయటి అంచున అరిగిపోయి ఉంది. వాడి నడకే అంత. "నేలమీద నడుస్తున్నావా, దాంతో తగువు పెట్టుకుంటున్నావా?" అని ఎన్నిసార్లు విసుక్కున్నాడో!

కానీ ఈ లాడం, వాడు పోయాక, చేతులు ఊరుకోక తను కొట్టిన కొత్తది.

కొన్నాళ్లుగా రాత్రిళ్లు వరండాలో టక్కు టక్కుమని చప్పుడు. భ్రమ అనుకుని ముసుగుతన్ని పడుకుంటున్నాడు. పక్కన ఆవిడ కదిలేది కాదు. నయం, ఆవిడకి వినపడలేదు, అనుకునేవాడు.

ఇక ముందూ వినపడకూడదు. దీపం దగ్గర కూర్చుని, లాడం ఊడదీసి, మెత్తటి రబ్బరు ముక్క కోశాడు.

"అది వద్దండీ."

ఉలిక్కిపడి తిరిగి చూశాడు. చీకటి గదిలో ఆవిడ మంచంమీద కూర్చుని ఉంది. ఎప్పట్నుంచి కూర్చుందో.

"లాడమే కొట్టండి" అంది. "రబ్బరైతే, వాడొచ్చినట్టు నాకెలా తెలుస్తుంది?"