చిన్న పుట్టి

"అన్నా, దీనికంటే చిన్న పుట్టి లేదా?" అన్నాడు బసప్ప.

"మొగుడూ పెండ్లాం ఇద్దరూ చేపలకు పోతారు కదప్పా, పెద్దదే తీసుకో," అన్నాడు వెదురుతో పుట్లు అల్లే ఓబిలేష్.

"వద్దు. ఆడ ఉండాదే, అది చాలు." భార్య వైపు తిరిగాడు. "గంగా, ఎత్తు."

గంగాదేవికి నవ్వొచ్చింది. పదేళ్లుగా కణేకల్ చెరువుకు పుట్టిని నెత్తిన మోసేది అతనే. వల వేసేదీ అతనే. ఆమె తెడ్డు వేసేది, అంతే.

"ఎత్తే!"

ఎత్తింది. నెత్తిన పెట్టుకుని నాలుగడుగులు నడిచింది. అతను ఆమె మెడనే చూస్తున్నాడు.

"ఇప్పుడు దాంట్లో కూర్చో. ఒక చేత్తో తెడ్డెయ్యి, ఇంకో చేత్తో వల వదిలినట్టు చెయ్యి."

ఆమె పుట్టిని మెల్లగా దించింది.

"మొన్న అనంతపురంలో డాక్టరు ఏమీ లేదన్నాడంటివి. నిజంగా ఏం చెప్పినాడు?"

బసప్ప ఓబిలేష్ వైపు తిరిగాడు.

"తెడ్డు పొట్టిది ఇయ్యన్నా. ఆమె చేతికి సరిపోవాల."