గోల మధ్యలో మాట

"ఇవాళ పరీక్ష కదా, మీరు బయట కూర్చోండి" అంది పాపకు వినడంలో శిక్షణ ఇచ్చే మేడమ్, తల్లితో. ఇందులో నెగ్గకపోతే పాప పేరు తీసేస్తామని బడివాళ్ళు ముందే చెప్పారు.

తల్లికి దిగుల్లేదు. పాప చెవులకు లోపం లేదు. చుట్టూ గోలగా ఉంటే మాత్రం ఎదుటివాళ్ళు అన్న మాట ఏదో పోల్చుకోలేదు. అందుకే ఇంట్లో రోజూ కంప్యూటర్ ఆట ఆడించింది. గోల మధ్యలో ఒక మాట వినిపిస్తుంది. తెర మీద దాని బొమ్మ నొక్కాలి. ఆట సరిగ్గా నడుస్తోందో లేదోనని తానూ ఇంకో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వెనకే కూర్చునేది. కొన్నాళ్ళుగా పాప ఒక్కటీ తప్పు నొక్కలేదు.

మేడమ్ బయటికి వచ్చింది. "ఏం మారలేదండీ. మొదట్లో ఎలా ఉందో అలాగే ఉంది."

"అదేంటండీ! ఇంట్లో టకటకా నొక్కేస్తుంటేనూ!"

పాప వచ్చి చెయ్యి పట్టుకుంది. "ఇక్కడి కంప్యూటర్‌లో నువ్వు కనపడలేదేంటమ్మా?"

"నేనెందుకు కనపడతానే, పిచ్చిమొద్దూ?"

"ఇంట్లో అయితే బొమ్మల పక్కన నల్లగా ఉన్నచోట నీ మొహం కనిపిస్తుందిగా. మాట రాగానే నీ పెదాలు కదులుతాయి. అవి చూసి నొక్కేస్తా."

తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వరండా నిండా పిల్లల గోల. ఆమె పాపకు మొహం కనపడకుండా అటు తిరిగి, చెయ్యి తియ్యకుండానే అడిగింది.

"ఆకలేస్తోందా, తల్లీ?"

చుట్టూ తిరిగి పాప ఆమె ఎదురుగా వచ్చింది. తల్లి చేతిని మెల్లగా కిందికి దించింది.

"ఇప్పుడు చెప్పు" అంది.