పట్టీకి చెప్పాల్సిన అంకె

రాత్రంతా నిద్రపట్టక దొర్లిన సురేంద్ర, తెల్లవారగానే చాప మీద వెల్లకిలా పడుకుని ఛాతీకి పట్టీ కట్టించుకున్నాడు. గుండె ఆగితే పైనుంచి నొక్కి మళ్లీ ఆడించే ఆ పట్టీ ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ మేకుకు వేలాడుతోంది. ఎంత బలంతో నొక్కాలో కట్టినవాడు చెప్పాలి, అంతే.

"చెప్పు," అన్నాడు సురేంద్ర.

"యాభై కిలోలు," అన్నాడు బావమరిది ఏడుకొండలు.

"కిలోలు మీ మిర్చి యార్డులో. దీనికి న్యూటన్లు."

"పదితో గుణించాలి. ఐదొందలు, బావా."

"మళ్లీ చెప్పు."

పోయినేడు సురేంద్ర భార్య స్వప్న గుండె ఆగి వంటగదిలో కూలిపోయినప్పుడు ఇంట్లో ఉన్నది ఆమె తమ్ముడు ఏడుకొండలే. యార్డులో ఒంటికి తగిలించుకుని బస్తాలెత్తే యంత్రపు తొడుగులకు కిలోల్లో చెప్పి అలవాటైన నోరు, పట్టీ అడగ్గానే యాభై అనేసింది. పట్టీ వాటిని న్యూటన్లనుకుని, ఐదు కిలోల బలంతో, పసిపిల్లను జోకొట్టినట్టు నొక్కుతూ పోయింది. సురేంద్ర పొలం నుంచి వచ్చేసరికి ఆమె ఒళ్లు చల్లబడింది.

ఇప్పుడు సురేంద్ర గుండెనూ నమ్మడానికి లేదన్నాడు డాక్టరు. పిలిస్తే పలికే దూరంలో ఉన్నది ఏడుకొండలొక్కడే. అందుకే రోజూ ఈ పాఠం.

"ఏడాదైంది బావా. ఇంకా నామీద కోపం పోలేదా?"

"పోదు. చెప్పు."

"ఐదొందలు." ఏడుకొండలు పట్టీ విప్పి ఆగాడు. "నా గుండె ఆగితే నువ్వే గదా కట్టాల్సింది. నువ్వెంత చెప్తావు?"

సురేంద్ర లేచి కూర్చుని చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. ఏడుకొండలు చేతిలోని పట్టీ తీసుకుని మేకుకు తగిలించాడు.

"రేపు పెందలాడే రా," అన్నాడు.