కొత్త తుప్పు

"ఈ రైఫిల్ బోల్టు ఇరవై ఏండ్ల సంది పట్టేసే ఉన్నది. ఇగ రాదని కాయితం రాసియ్యి, చాలు," అని స్టోర్‌కీపర్ రత్నాకర్ చాయ్ తేవడానికి తార్నాక వైపు వెళ్ళాడు.

యూనివర్సిటీ ఎన్.సి.సి. స్టోర్‌లో పాత రైఫిల్‌తో యోహాను ఒక్కడే మిగిలాడు. బయట చీకటి పడింది. లాలాపేట్‌లో తుపాకులు బాగుచేసే యోహాను, రాదన్న మాట ఎన్నడూ రాసివ్వలేదు.

కిరోసిన్ సీసా తెరుస్తూ ఆగాడు. ఇరవై ఏళ్ళ తుప్పయితే నల్లబడి ఇనుమును తినేస్తుంది. ఇది నారింజరంగులో, వేలితో రుద్దితేనే రాలిపోతోంది. బోల్టు సందులో తెల్లటి పలుకులున్నాయి. ఒకటి నాలుకకు తగిలించి చూశాడు. ఉప్పు.

ఎవరో కావాలనే తుప్పు పట్టించారు.

కిరోసిన్ పోసి, కాసేపాగి, చెక్కసుత్తితో రెండు దెబ్బలు వేశాడు. బోల్టు కిర్రుమంటూ వెనక్కి జరిగింది. ఖాళీ తూటా ఒకటి ఎగిరి గచ్చు మీద దొర్లింది. దాని ఇత్తడి ఇంకా తళతళలాడుతోంది. గొట్టంలోంచి కాలిన మందు వాసన గుప్పుమంది.

తూటాను గబుక్కున జేబులో వేసుకున్నాడు. బోల్టును మళ్ళీ లోపలికి నెడుతుండగా, వెనక తలుపు గడియ పడిన చప్పుడయింది.

"ఉప్పగున్నదా, యోహాను?" అన్నాడు రత్నాకర్.

అతని చేతుల్లో చాయ్ లేదు.