ఆమె పేరు మీద వెతికితే

పొద్దున పది నిమిషాల పాటు బ్యాంకు శాఖలన్నిటికీ లైను తెగిపోయింది. కారణం కనిపెట్టమని మేనేజరు చెప్పగానే సీనియర్ ఆపరేటరు, ఎవరు ఎప్పుడు ఏ కమాండు ఇచ్చారో నమోదయ్యే మెయిన్‌ఫ్రేమ్ లాగ్ తెరిచాడు. వేల రికార్డుల్లోంచి కొత్తమ్మాయి ఐడీ ఉన్నవాటినే ఫిల్టర్ చేశాడు.

పన్నెండేళ్లుగా ఆ సీటు అతనిది. ఆమె వచ్చి ఆరు నెలలైనా కాలేదు, ఏ సమస్య వచ్చినా అందరూ ఆమెనే పిలుస్తున్నారు. నిన్న మీటింగులో మేనేజరు ఆమెను మెచ్చుకుంటే అతనికి అన్నం సహించలేదు.

తొమ్మిదీ పద్నాలుగుకి ఆ లైను మీద ఆమె ఇచ్చిన కమాండు కనిపించింది. అతని మొహం వెలిగిపోయింది.

"నా పేరు మీదే వెతుకుతున్నారా అన్నయ్యా?"

వెనక ఆమే నిలబడి ఉంది.

"లైను ముట్టుకుంది నువ్వేగా మరి?" అన్నాడు బింకంగా.

"నేనే. ఒకసారి ఆ ఫిల్టర్ తీసేసి చూడండి."

తీసేశాడు. కాస్త పైన, తొమ్మిదీ నాలుగుకి, లైను ఆపేసిన కమాండు ఉంది. పక్కన అతని ఐడీ. టెస్టు లైననుకుని అసలు లైనే ఆపేశాడు. ఆమె చేసిందల్లా దాన్ని మళ్లీ కలపడమే.

"పొద్దున్నే చూశావన్నమాట. మేనేజరుకి చెప్పలేదేం?"

"మీరే చెప్తారనుకున్నా."

ఆ మర్యాదకు కూడా అతనికి ఒళ్లు మండింది. తనైతే ఈపాటికి ఊరంతా చాటేవాడు.

మేనేజరు తలుపు తోసుకుని వచ్చాడు. "తేలిందా? ఎవరి వల్ల?"

"నా వల్లే సార్."

తర్వాతి మాట అనడం అతనికి అంతకంటే కష్టమైంది.

"సరిచేసింది మాత్రం ఈ అమ్మాయి."